కారులో 640 కిలోమీటర్లు, వెనక సీట్లో ఏడేళ్ళవాడు, మూడేళ్ళది: గట్టెక్కే దారి చెప్పండి

ఇద్దరి_అమ్మ
అందరికీ నమస్తే. వచ్చే శుక్రవారం దూరప్రయాణం పెట్టుకున్నాం. 640 కిలోమీటర్లు. ఫోన్లో మ్యాప్ 11 గంటలంటోంది గానీ ఆ మ్యాప్‌కి పిల్లల్లేరు కదా, నా లెక్కలో 14. పెద్దాడికి ఏడేళ్ళు, చిన్నదానికి మొన్ననే మూడు నిండాయి. మావారు నడుపుతారు, నేను వెనక పిల్లలిద్దరి మధ్య కూర్చుంటాను.

పోయినసారి నాలుగు గంటల ప్రయాణానికే మాకు చుక్కలు కనిపించాయి. బ్యాగు నిండా బొమ్మలు పట్టుకెళ్తే మొదటి అరగంటలోనే అన్నీ కాళ్ళ కిందికి చేరాయి. పెద్దాడు బొమ్మల పుస్తకం చూస్తూ చూస్తూ నా ఒళ్ళోనే వాంతి చేసుకున్నాడు. చిన్నది "వచ్చేశామా?" అని 31 సార్లు అడిగింది. సరదాకి చెప్పడం లేదు, నిజంగానే లెక్కపెట్టాను, అంతకన్నా చేసే పనేమీ లేక. ఈసారికి ఏం కొనాలో, ఏం ఆడించాలో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఎర్ర_కారు
ట్యాబ్ ఒకటి, చార్జర్ ఒకటి. అంతే. మిగతావన్నీ పుస్తకాల్లో రాసుకునే కబుర్లు.

కిటికీ_పక్క
@ఎర్ర_కారు మీ పిల్లలకు కడుపులో తిప్పదనుకుంటా, అదృష్టవంతులు. వీళ్ళ అబ్బాయి పుస్తకం చూస్తేనే వాంతి చేసుకున్నాడు. ఒళ్ళో ట్యాబ్ పెడితే మాత్రం ఆగుతుందా?

ఎర్ర_కారు
ఒళ్ళో ఎందుకండీ, ముందు సీటు వెనకవైపు తగిలిస్తే సరి. మావాళ్ళు ఆరు గంటలు కిమ్మనకుండా కూర్చున్నారు.

పిల్లల_వార్డు_నర్సు
పదేళ్ళుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను, ఇంట్లో కారు పడని పిల్ల కూడా ఒకతె ఉంది. కాబట్టి దీని గురించి రెండు రకాలుగానూ చెప్పగలను.

కడుపులో తిప్పడం కడుపు వల్ల రాదు, చెవి వల్ల వస్తుంది. కారు ఎటు తిరిగినా, ఎక్కడ ఊగినా లోపలి చెవికి తెలుస్తూనే ఉంటుంది. పుస్తకం మీద ఉన్న కళ్ళేమో "అంతా కదలకుండానే ఉంది" అంటాయి. ఈ రెండు సాక్ష్యాలూ కుదరక మెదడు తికమక పడుతుంది. రెండేళ్ళలోపు పిల్లల్లో ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ. అంటే ఇద్దరి_అమ్మ గారూ, మీ పెద్దాడు సరిగ్గా నడి మధ్యలో ఉన్నాడు, చిన్నది ఇప్పుడిప్పుడే ఆ గుమ్మం తొక్కుతోంది.

అందుకని పెద్దాడి విషయంలో ఆటల ఎంపిక మొత్తం ఒక్క ప్రశ్నతో తేల్చేయండి: ఈ ఆటలో వాడి కళ్ళు ఎక్కడుంటాయి? ఒళ్ళోకి దించే ఆటైతే వద్దు, బయటికి దూరంగా చూపించే ఆటైతే సరే. చదవడం, రంగులేయడం, చుక్కలు కలపడం, ఇవన్నీ కారు ఆగినప్పుడే. వాడికి ముందు అద్దంలోంచి రోడ్డు కనబడేలా చూసుకోండి, కానీ అందుకని ముందు సీట్లో కూర్చోబెట్టకండి. పదమూడేళ్ళ వరకు పిల్లల చోటు వెనక సీటే.

ముఖం పాలిపోవడం, ఉన్నట్టుండి మాటలు తగ్గిపోవడం, ఊరికే ఆవలించడం, నోట్లో నీళ్ళూరడం ముందస్తు గుర్తులు. గలగలా వాగేవాడు మౌనమయ్యాడంటే "హమ్మయ్య" అనుకోకండి, కిటికీ దించండి. వీలైతే కారాపి నాలుగడుగులు వేయించండి. బయల్దేరేముందు కడుపు మాడ్చడం కూడా తప్పే, కడుపు నింపేయడమూ తప్పే. తేలిగ్గా కొంచెం తినిపించండి.

మందుల సంగతి మాత్రం మీ డాక్టర్నే అడగండి. పెద్దలకు రాసినది పిల్లలకు సగం చేసి వేసేవాళ్ళు ఉన్నారు. కొన్ని వాంతుల మందులు కొందరు పిల్లల్లో నిద్ర తెప్పించే బదులు చిరాకు, పిచ్చి హుషారు తెప్పిస్తాయి. ప్రొమెథజీన్ అయితే రెండేళ్ళలోపు పిల్లలకు అసలు ఇవ్వనే కూడదు.

ఇద్దరి_అమ్మ
నర్సుగారూ, "గలగలా వాగేవాడు మౌనమయ్యాడంటే" అన్నారు చూశారూ, అచ్చం అదే జరిగింది. నేను మావారితో "చూడండి, ఎంత బుద్ధిగా చదువుకుంటున్నాడో" అన్నాను. రెండు నిమిషాలు కాలేదు.

మూడు_కవలలు_కాదు
మాకు ముగ్గురు, తొమ్మిది, ఆరు, నాలుగు. పేరు చూసి కంగారు పడకండి, అందరూ అడుగుతుంటే విసుగొచ్చి పెట్టుకున్నా.

నేను నేర్చుకున్న మొదటి పాఠం, బ్యాగు పిల్లల చేతికివ్వకూడదు. మీ కాళ్ళ దగ్గర, మీ అధీనంలో ఉండాలి. ఒకటి తీసుకుని, పాతది ఇచ్చాకే ఇంకొకటి. గంటకు ఒక్క కొత్త వస్తువు దాటకూడదు. కొత్త అంటే కొనమని కాదు. నెల ముందే వాళ్ళ బొమ్మల్లోంచి కొన్ని మాయం చేయండి. కారులో బయటికి తీస్తే అవే కొత్తవి. వాటిని పాత పేపర్లో పొట్లం కట్టి, పైన టేపు వేసి ఇవ్వండి. లోపలున్న బొమ్మతో అయిదు నిమిషాలే ఆడినా, టేపు పీకడానికి పది నిమిషాలు పడుతుంది.

మూడేళ్ళ పిల్లకు బొమ్మల కన్నా వస్తువులు నచ్చుతాయి. నా చిన్నదానికి ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువసేపు పనికొచ్చినది గోడలకు రంగేసేటప్పుడు వాడే కాగితపు టేపు చుట్ట. చింపుతుంది, అంటిస్తుంది, పీకుతుంది, తన మొహానికీ నా చేతికీ అంటిస్తుంది. మరక పడదు, దెబ్బ తగలదు. తరవాత స్టిక్కర్లు, కిటికీ అద్దానికి అంటించి తీసేసే రకం. ఆమె తల ఎత్తి కిటికీ వైపే చూస్తుంది కాబట్టి నర్సుగారి పరీక్షలో కూడా పాసే.

పనికిరానివి చెప్పనా? మూత ఉన్న స్కెచ్ పెన్నులు (మూతలు సీటు సందులోకి పోతాయి, వాటికోసం ఏడుపు). గుండ్రంగా దొర్లేవి ఏవైనా. మైనపు రంగు పుల్లలు ఎండలో ఆగిన కారులో వదిలితే సీటు మీద ముద్దవుతాయి. ఇక శబ్దం చేసే బొమ్మ... ఎవరు కొనిచ్చారో వాళ్ళ కారులోనే పెట్టండి.

కొత్త_తండ్రి
స్టీలు ట్రే ఒకటి ఒళ్ళో పెట్టి అయస్కాంతపు అక్షరాలు ఇస్తే కిందపడవని ఎక్కడో చూశాను. ఎవరైనా వాడారా?

పిల్లల_వార్డు_నర్సు
వద్దండి. రెండు కారణాలు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్ది ఆగిపోతే, లోపల కట్టకుండా ఉన్న ప్రతి వస్తువూ అదే వేగంతో ముందుకు పోతుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మీది నుంచి పడితే ఎంత వేగం వస్తుందో దాదాపు అంత వేగం. ఆ ఎత్తు నుంచి స్టీలు ట్రే పడుతున్నట్టు ఊహించుకోండి. వెనక అద్దం దగ్గర పెట్టే నీళ్ళ సీసాలు, గొడుగులు, కట్టని ట్యాబ్, అన్నీ అంతే. బరువున్నవి డిక్కీలోకి. పిల్లల చేతికి గుడ్డవి, కాగితానివి, మెత్తనివి.

రెండోది, చిన్న అయస్కాంతాలు. రెండు మింగితే పేగుల్లో అటొకటి ఇటొకటి అతుక్కుని చిల్లు పెడతాయి. నాణెంలాంటి బటన్ బ్యాటరీలు ఇంకా చెడ్డవి, ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలవు. వెలుగులొచ్చే చౌక బొమ్మల్లో అవే ఉంటాయి. బ్యాటరీ మూతకు మర బిగించి లేకపోతే ఆ బొమ్మ కారులోకి రానివ్వకండి. మీరు రోడ్డు చూస్తుంటారు, వెనక ఏం మింగారో తెలిసేది ఎప్పటికి?

కొత్త_తండ్రి
ట్రే కొనలేదు ఇంకా, బతికించారు.

లెక్కల_మాస్టారు
పిల్లల ప్రయాణం మాట వచ్చింది కాబట్టి రిటైరైన మాస్టారుగా ఓ మాట. "వచ్చేశామా" అని అడిగే పిల్ల తప్పేం లేదమ్మా. మూడేళ్ళ పిల్లకు గంట అంటే ఏమిటి? "ఇంకా మూడు గంటలు" అంటే ఆమెకు "ఇంకా చాలా నీలం" అన్నట్టే. కాలాన్ని కంటికి కనిపించేలా చేయాలి.

ముందు సీటు వెనక ఒక తాడు కట్టండి. దానికి బట్టల క్లిప్పులు, మొత్తం దూరాన్ని 40 కిలోమీటర్ల ముక్కలు చేస్తే మీకు 16 క్లిప్పులు. ముక్క దాటినప్పుడల్లా చిన్నదే ఒక క్లిప్పు ఈ చివర నుంచి ఆ చివరకు జరపాలి. ఎప్పుడు జరపాలో పెద్దాడు చెప్పాలి, కిలోమీటరు రాళ్ళు చూసి. ఆమెకు పని, వాడికి పదవి.

ఏడేళ్ళవాడికి ఇంకోటి. ఒక కిలోమీటరు రాయి నుంచి తరవాతి రాయికి ఎన్ని సెకన్లో లెక్కపెట్టమనండి. 60 అయితే వేగం 60. 45 అయితే 80. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. భాగహారం మీరు చేసిపెట్టండి, వాడు నాన్న ముందున్న ముల్లుతో సరిపోయిందో లేదో అడుగుతాడు. సరిపోతే వాడి మొహం చూడాలి.

నంబరు ప్లేట్లు ఉన్నాయి. అంకెలన్నీ కూడాలి, ముందు ఎవరు చెబితే వాళ్ళది ఆ బండి. కూడితే 9 లేదా 9 ఎక్కంలో అంకె వస్తే ఆ సంఖ్య మొత్తం 9తో పోతుంది. 4527 తీసుకోండి, కూడితే 18, కాబట్టి పోతుంది. ఇది చెబితే వాడు మంత్రగాడిలా కనిపించాలని తోటి పిల్లలందరికీ చెప్తాడు.

మనసులో 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకోమనండి. అవును, కాదు అని మాత్రమే జవాబు. ఏడు ప్రశ్నల్లో పట్టేయొచ్చు, ప్రతిసారీ సగానికి నరుకుతూ పోతే చాలు. "50 కన్నా పెద్దదా?" అక్కడ మొదలు. అంకెల బదులు జంతువులైతే చిన్నది కూడా ఆడుతుంది. కానీ మూడేళ్ళ పిల్లలు అనుకున్న జంతువును మధ్యలో మార్చేస్తారు, అందుకు సిద్ధపడండి.

కిటికీ_పక్క
మాస్టారూ, మా పాప ఒకసారి ఏనుగు అనుకుని, మేము ఏనుగు అనేసరికి "కాదు, ఇప్పుడు చీమ" అంది.

ఎర్ర_కారు
ఇవన్నీ చదువుతుంటే 14 గంటలు బడి నడిపినట్టుంది. నడిపేవాళ్ళకు తలనొప్పి రాదా?

మూడు_కవలలు_కాదు
వస్తుంది. అందుకే గోల ఎక్కువయ్యే ఆటలకు మధ్యలో చెవి ఆటలు. కథలు. ఫోన్లో వినే కథలు ముందే దించుకోండి, దారిలో సిగ్నల్ ఉంటుందో ఉండదో. వినేటప్పుడు కళ్ళు కిటికీలోనే ఉంటాయి, చెవులు మాత్రమే పని చేస్తాయి. కారు స్పీకర్లలోనే పెట్టండి, అందరూ వింటే మధ్యలో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంకా మంచిది, ఇంట్లో పెద్దవాళ్ళ గొంతులో ముందే కథలు రికార్డు చేసి పెట్టుకోవడం. మా అత్తగారు చెప్పిన కథ మావాళ్ళు వరుసగా అయిదుసార్లు విన్నారు. కథ మధ్యలో ఆవిడ దగ్గు కూడా వాళ్ళకు కంఠతా వచ్చు.

హెడ్‌ఫోన్లు పెట్టాల్సి వస్తే శబ్దం పెరగకుండా కట్టడి ఉన్నవి తీసుకోండి. కారు హోరు మీద వినపడాలని పిల్లలు తెలియకుండానే పెంచేస్తారు.

పిల్లల_వార్డు_నర్సు
అవును. పిల్లలకు వారానికి 40 గంటల దాకా వినడానికి 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. తెర గురించి కూడా అదే సంస్థ 2019లో చెప్పింది: ఏడాది పిల్లలకు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదు. ప్రయాణం రోజు ఒకటి మినహాయింపు అనుకున్నా నేనేమీ తప్పుపట్టను, మా ఇంట్లోనూ అనుకుంటాం. కానీ ట్యాబ్‌ని పొద్దున్నే తీస్తే సాయంత్రానికి మీ దగ్గర ఏమీ మిగలదు. అది ఆఖరి రెండు గంటలకు దాచుకునే తురుపు ముక్క.

ఎర్ర_కారు
సరే, సరే. ఆఖరి రెండు గంటలకు ఒప్పుకున్నారు కదా, అదే పదివేలు.

అక్షరం_పిచ్చి
తెలుగు ఆట ఒక్కటీ లేదేంటి ఇక్కడ? చివరి అక్షరం ఆట ఆడించండి. ఒకరు పదం చెప్పాలి, దాని చివరి అక్షరంతో రెండోవాళ్ళు. కాకి, కిటికీ, కీటకం, కంచం, చందమామ... గుణింతం ఏదైనా పర్వాలేదని ముందే ఒప్పందం చేసుకోవాలి, లేకపోతే "చం" దగ్గరే కొట్టుకుంటారు. "లు" పెట్టి బహువచనాలు చెప్పడం నిషేధం, లేదంటే అందరూ ల దగ్గరే తిరుగుతుంటారు.

జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. "వీణ" అన్నాడంటే ఆట ఆగిపోయినట్టే. ణ తో తెలుగులో మొదలయ్యే మాట లేదు. "కళ" అన్నా అంతే. ణ వస్తే న, ళ వస్తే ల తీసుకోవచ్చని ముందే చెప్పేయండి. మా అబ్బాయి ఈ లొసుగు కనిపెట్టాక ఏం చెప్పినా ణ లోనే ముగించేవాడు: వీణ, ప్రేరణ, కరుణ. ఇంట్లో న్యాయవాది తయారవుతున్నాడు.

ఇద్దరి_అమ్మ
ఇది భలే ఉంది. పెద్దాడికి ఇప్పుడే గుణింతాలు అయ్యాయి. పేపరూ పెన్నూ ఏమీ అక్కర్లేదు కూడా.

తెల్లారుజాము_డ్రైవర్
ఆలస్యంగా వచ్చాను. నా సలహా ఒకటే, తెల్లవారుజామున 3కి బయల్దేరండి. పిల్లల్ని నిద్రలోనే ఎత్తి కూర్చోబెట్టండి. లేచేసరికి సగం దారి అయిపోతుంది. బొమ్మలూ వద్దు, ఆటలూ వద్దు.

కిటికీ_పక్క
నిద్రపోయేది పిల్లలు. నడిపే ఆయన?

తెల్లారుజాము_డ్రైవర్
ముందురోజు త్వరగా పడుకుంటే సరి.

కిటికీ_పక్క
ప్రయాణం ముందురోజు పిల్లలున్న ఇంట్లో ఎవరు త్వరగా పడుకున్నారండీ? సామాన్లు సర్దేసరికే పన్నెండు. మనిషికి కునుకు బాగా పట్టేది అర్ధరాత్రి నుంచి తెల్లవారు ఆరు లోపు, మళ్ళీ మధ్యాహ్నం భోజనం తరవాత. మీ 3 గంటలు సరిగ్గా అందులోనే పడింది. నిజం చెప్పాలంటే నేను ఈ చర్చ మొదటి నుంచీ ఒక మాట అందామా వద్దా అని ఆగాను, ఇక అనేస్తా.

ఇద్దరి_అమ్మ గారూ, ఒక్కరే డ్రైవరు, 14 గంటలు. మీరు పిల్లల్ని ఎలా ఆడించాలని అడిగారు, మేమంతా ఆటలు చెప్తున్నాం. కానీ సమస్య ఆటల్ది కాదు, గంటలది. ఏ ఆటా 14 గంటలు ఆడించలేదు. ఎనిమిదో గంటలో పిల్లలు ఏడవడం మొదలుపెడతారు, మీవారు అలసిపోయి వెనక్కి తిరిగి ఒక్క కేక వేస్తారు. గంటకు 80 మీద పోతుంటే ఆ రెండు సెకన్లలో కారు 44 మీటర్లు ఎవరూ చూడకుండా పోతుంది. మధ్యలో ఎక్కడైనా ఒక రాత్రి ఆగండి. రోజుకు 320. అప్పుడు ఈ ఆటలు సరిపోతాయి.

మూడు_కవలలు_కాదు
కిటికీ_పక్క గారి మాటకు నా ఓటు. మేము ఒకసారి మొండికేసి ఒకే రోజులో వెళ్ళాం. ఒక రోజు మిగుల్చుకున్నాం, చేరాక రెండు రోజులు పడుకున్నాం. ఏం లాభం?

ఇద్దరి_అమ్మ
మావారికి ఇదంతా చదివి వినిపించాను. 44 మీటర్ల దగ్గర కాసేపు మాట్లాడలేదు. మధ్యలో ఆగడానికి ఒప్పుకున్నారు. గది చూస్తున్నాం.

ఇంకో సందేహం. ఎంతసేపటికి ఒకసారి ఆపాలి? ఆగినప్పుడు ఏం చేయించాలి? పోయినసారి ఆపితే ఇద్దరూ తినడానికే సరిపోయింది.

కొత్త_తండ్రి
దీంతోపాటే నా ప్రశ్న కూడా. మాకు ఐదు నెలల బాబు. వాణ్ణి ఎలా?

పిల్లల_వార్డు_నర్సు
కొత్త_తండ్రి గారూ, ఆ వయసువాళ్ళకు వినోదం అంటే మీ మొహమే. వెనక మనిషి కూర్చోవాలి. చైల్డ్ సీటు వెనక్కి తిరిగి ఉండాలి, ఆ సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేవరకూ అలాగే. రెండు గంటలకోసారి బయటికి తీసి చదునుగా పడుకోబెట్టాలి, ఎందుకంటే ఒంగి కూర్చున్నట్టు నిద్రపోతే మెడ వాలి ఊపిరి ఇరుకవుతుంది. ఎంత ఏడ్చినా బండి నడుస్తుండగా ఒళ్ళోకి తీసుకోవద్దు. ఆపి తీసుకోండి. ఆపడానికి ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలు ఎవరికీ ఎక్కువ కాదు.

ఇద్దరి_అమ్మ గారూ, మీకూ రెండు గంటలే లెక్క, పిల్లలు పేచీ పెట్టకముందే ఆపాలి. పేచీ పెట్టాక ఆపితే "ఏడిస్తే కారు ఆగుతుంది" అని నేర్చుకుంటారు. ఆగాక తినిపించడం రెండో పని. మొదటిది పరిగెత్తించడం. బండ్లకు దూరంగా, సమతలం చూసుకుని, "ఆ చెట్టు దాకా ఎన్ని గెంతులు?" "కప్పలా వెళ్ళు, పీతలా రా". పదిహేను నిమిషాలు ఊపిరి ఎగపోసేదాకా. తింటూ కూర్చుంటే మళ్ళీ కూర్చున్నట్టే కదా.

కదిలే కారులో మూడేళ్ళ పిల్లకు గుండ్రటి ద్రాక్షపళ్ళు, గింజలు, పేలాలు, గట్టి చాక్లెట్లు ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడితే వెంటనే తెలియదు. ద్రాక్ష నిలువుగా కోసివ్వండి. పుల్ల ఉన్న చాక్లెట్ అసలు వద్దు, బ్రేకు వేస్తే ఆ పుల్ల ఎక్కడికి పోతుందో ఆలోచించండి.

ఒక్క నిమిషానికైనా సరే ఆగిన కారులో పిల్లల్ని వదిలి దిగకండి. ఎండలో కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. కిటికీ కొద్దిగా దించినా పెద్ద తేడా రాదు.

లెక్కల_మాస్టారు
ఎండ మాట వచ్చింది కాబట్టి: మీరు దక్షిణానికి పోతుంటే పొద్దున ఎండ ఎడమ పక్క, మధ్యాహ్నం తరవాత కుడి పక్క. చిన్నదాని సీటు ఏ పక్క పెట్టాలో దాన్ని బట్టి చూసుకోండి. మొహం మీద ఎండ పడుతుంటే ఏ ఆటా ఎక్కదు. బెల్టు ఇనుప ముక్క కాలుతుందేమో ముట్టుకుని చూసి పెట్టండి.

పాతకాలం
చదివినంతసేపు చదివాను. మా చిన్నప్పుడు ఇవన్నీ ఎక్కడివి? కిటికీలోంచి చూసేవాళ్ళం. విసుగొస్తే నిద్రపోయేవాళ్ళం. పిల్లల్ని కాసేపు విసుగులో ఉండనివ్వండమ్మా. ప్రతి నిమిషం ఎవరో ఒకరు ఆడిస్తుంటే తమంతట తాము ఆడుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు?

కిటికీ_పక్క
మీ చిన్నప్పుడు బెల్టు ఉందా అండీ? వెనక సీట్లో దొర్లుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుకుని వెళ్ళేవాళ్ళం, అందుకే నిద్ర పట్టేది. ఇప్పుడు వాళ్ళను కట్టి కూర్చోబెడుతున్నాం, అది మంచికే. కట్టినందుకు ఏదో ఒక పరిహారం ఇవ్వాలి కదా.

పాతకాలం
అది నిజమే. బెల్టు సంగతి ఆలోచించలేదు. కానీ నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆటకూ ఆటకూ మధ్య ఖాళీ ఉండనివ్వండి.

మూడు_కవలలు_కాదు
పాతకాలం గారి మాటలో సగం నాకూ నచ్చింది. మా ఇంట్లో "కిటికీ గంట" అని పెట్టాం. ఎవరూ ఏమీ ఇవ్వరు, ఎవరూ ఏమీ అడగరు. పేరుకే గంట, ఇరవై నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు మూలుగుతారు, తరవాత తమలో తాము ఏదో పాడుకుంటారు. సగంసార్లు అందులోనే నిద్రపోతారు.

ఇంకొకటి మర్చిపోయా. అన్నాచెల్లెళ్ళు కొట్టుకుంటే తీర్పు చెప్పకండి, ఎవరు మొదలుపెట్టారో కారులో ఎవరికీ తెలియదు. నా పద్ధతి: కొట్లాట మొదలైతే కథ ఆపేస్తాను. ఏమీ అనను. నిశ్శబ్దం. అరనిమిషంలో వాళ్ళే ఒకరినొకరు "నువ్వు ఊరుకో" అనుకుంటారు. బెల్టు ఊడదీస్తే మాత్రం కారు పక్కకు ఆగాల్సిందే, మళ్ళీ పెట్టుకునేదాకా కదలకూడదు. కోపం లేకుండా, ప్రతిసారీ. మావాళ్ళకు రెండు ప్రయాణాల్లో అలవాటైంది.

ఇద్దరి_అమ్మ
అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. జాబితా రాసుకున్నాను: టేపు చుట్ట, తాడు, 16 క్లిప్పులు, పొట్లాలు, వాంతి కవర్లు, రెండు జతల బట్టలు (ఈసారి నాకు కూడా ఒక జత). వెళ్ళొచ్చాక రాస్తాను.

*(తొమ్మిది రోజుల తరవాత)*

ఇద్దరి_అమ్మ
చేరాం. ఇంకా తిరుగు ప్రయాణం ఉంది. మాటిచ్చాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

క్లిప్పులు బ్రహ్మాండం. చిన్నది "వచ్చేశామా" అని రెండు రోజుల్లో నాలుగుసార్లే అడిగింది. ఐతే ఆమెకు క్లిప్పులు జరపడం ఎంత నచ్చిందంటే ఒకచోట నేను కునుకు తీసేసరికి మిగతావన్నీ అవతలికి జరిపేసి "వచ్చేశాం!" అని చప్పట్లు కొట్టింది. ఇంకా 120 కిలోమీటర్లు ఉంది. అప్పుడు ఏడ్చింది చూడండి, మోసం చేసింది మేమే అన్నట్టు. మాస్టారూ, తాడు పెద్దాడి వైపు కట్టాల్సింది.

టేపు చుట్ట రెండు రోజులూ ఆడింది. ఇంకా కారు తలుపు లోపల అతుక్కునే ఉంది. పొట్లాల్లో ఆరు చేస్తే మూడే వాడాం. పెద్దాడు వాంతి చేసుకోలేదు. ఒకసారి మాత్రం మౌనమయ్యాడు, నాకు నర్సుగారి మాట గుర్తొచ్చి వెంటనే ఆపించాను. దిగి పదడుగులు నడిచాక "అమ్మా, ఆ రాయి నుంచి ఈ రాయికి 52 సెకన్లు పట్టింది, ఎంత?" అన్నాడు. వాడు లెక్కపెడుతున్నాడట, అందుకే మౌనం.

పనిచేయనిది: కిటికీ గంట. మొదటిరోజు ఇద్దరూ ఇరవై నిమిషాలూ మూలిగారు. రెండోరోజు మళ్ళీ పెట్టే ధైర్యం చాల్లేదు. ట్యాబ్ ఆఖరి గంటన్నర ఇచ్చాం. ఎర్ర_కారు గారూ, ఆ గంటన్నర మీకే అంకితం.

మధ్యలో రాత్రి ఆగడం అన్నిటికన్నా మంచి పని. పొద్దున్నే మావారు ఈల వేసుకుంటూ కారెక్కారు. పోయినసారి చేరాక రెండు రోజులు మాట్లాడని మనిషి.

లెక్కల_మాస్టారు
52 సెకన్లంటే 69. వాడికి చెప్పారా?

ఇద్దరి_అమ్మ
ఫోన్లో చేసి చెప్పాను మాస్టారూ. "నాన్న ముల్లు 70 దగ్గర ఉంది, ఒకటి తప్పు" అని ఇప్పటికీ వాదిస్తున్నాడు.

అక్షరం_పిచ్చి గారూ, మీకో ఫిర్యాదు. ణ వస్తే న, ళ వస్తే ల అని ముందే చెప్పాను. వాడు "గొంగళి" అన్నాడు, నేను ల తీసుకుని "లేడి" అన్నాను. వాడు డ తో "డోలు", నేను "లంగరు", వాడు "రుణ"... అని ఆగి, "అమ్మా, రుణం కాదు, వేరే మాట ఆలోచిస్తున్నా" అంటూ ఇరవై కిలోమీటర్లు తీసుకున్నాడు. ఎల్లుండి తిరుగు ప్రయాణం. ఆలోచించడానికి ఎంత సమయం ఇవ్వాలో నియమం ఏమైనా ఉందా?

అక్షరం_పిచ్చి
ఉంటే మాత్రం వాడికి చెప్పకండి. ఇరవై కిలోమీటర్లు నిశ్శబ్దంగా కూర్చున్నాడు కదండీ.